చూసినవారి సంతకం

ముందే ఒప్పుకుంటాను. ఆ నలభై రెండు రోజుల డ్యూటీలో అందరికంటే తెలివితక్కువ పని చేసింది నేనే. అక్కడ శత్రువు లేడు. తూటా పేలలేదు. నా చేతిలో ఉన్నది ఒక మిల్లీలీటరు పట్టే సిరంజీ. దాంతోనే ఒక మనిషిని చంపబోయాను. నా లెక్క తప్పదన్న నమ్మకం ముదిరి ముదిరి లెక్కలేనితనంగా మారింది.

కరోనా రెండో విడత. మే నెల. ఉదయం ఐదూ నలభైకి లారీ దిగాం. పటాన్‌చెరు దాటాక, పెద్ద రోడ్డుకు కిలోమీటరు లోపల, ఒక ఖాళీ గోదాం. రేకుల కప్పు. పొడవు నూట పది అడుగులు, వెడల్పు అరవై. అరవై మంచాలు. అందులో నలభైకి ఆక్సిజన్ పైపు. పగలు లోపల నలభై ఒక్క డిగ్రీలు. గాలి కాజీపల్లి వైపు నుంచి వీస్తే మందుల ఫ్యాక్టరీల ఘాటు వాసన. ఆ వాసన నాకు కొత్త కాదు. మాది సంగారెడ్డి పక్క పల్లె. ఇరవై ఏళ్ల సర్వీసులో మంచుకొండలూ ఎడారీ చూపించిన సైన్యం చివరికి నన్ను మా ఇంటికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో దింపింది. ఇంటికి వెళ్లడానికి మాత్రం అనుమతి లేదు. పద్నాలుగు వేల అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు కూడా ఇల్లు అంత దూరం అనిపించలేదు.

నేను హవల్దారును. పని నర్సింగ్ అసిస్టెంటు. అంటే సైన్యంలో ఉంటూ సూదులు వేసేవాణ్ని. మా నాయకుడు సుబేదార్ సాబ్. ఆయన బయటి గుడారంలో రేడియోతో ఉండేవాడు; ఆ గుడారం పేరు ‘బేస్’. ఆయన హిందీని ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, కోపం మాత్రం అనువాదానికి లొంగదు. మందుల గది నాకంటే ఒక మెట్టు కింది హోదా ఉన్న స్టోర్ నాయక్ చేతిలో ఉండేది. లోపలి వార్డు పేరు ‘రెడ్’. ఆరు గంటల షిఫ్టు. తల నుంచి కాలి దాకా తెల్ల సూటు, కళ్లద్దాలు, రెండు జతల గ్లవ్స్. నీళ్లు తాగడం కుదరదు. ముఖాలు కనపడవు గనుక ఛాతీ మీద మార్కరుతో పేరు రాసుకునేవాళ్లం.

మూడో రోజు సంగారెడ్డి నుంచి ఎనిమిది మంది నర్సింగ్ విద్యార్థినులు వచ్చారు. మూడో సంవత్సరం వాళ్లు. వాళ్లకు మందుల మోతాదు లెక్కలు నేర్పమని సుబేదార్ సాబ్ ఆజ్ఞ. అట్ట ముక్క మీద ప్రశ్న రాశాను: ఐదు వందల మిల్లీలీటర్ల సెలైను, ఎనిమిది గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు, నిమిషానికి ఎన్ని చుక్కలు?

వాళ్లు పెన్నులు తీసేలోపే నేనే జవాబు చెప్పాను. “ఇరవై ఒకటి. నోటి లెక్క. పద్దెనిమిదేళ్లుగా ఇట్లనే.”

వెనక వరుసలో ఒక అమ్మాయి తలెత్తలేదు. కాగితం మీద గుణించి, భాగించి, ఒకటిన్నర నిమిషానికి లేచింది. పేరు షాహీన్. ఇల్లు కాజీపల్లి.

“నాకు గూడ ఇరవై ఒకటే వచ్చింది సార్. మరి మీది ఎవరు సూసిన్రు?”

“నాది ఎవరు చూడాలమ్మా?”

“మా అమ్మీ మందుల కంపెనీల ప్యాకింగ్‌ల చేస్తది సార్. ఒక్క అట్టపెట్టె లైను మీదికెల్లి పోవాలన్నా రెండు సంతకాలుంటయ్. చేసినోళ్లది ఒకటి, చూసినోళ్లది ఒకటి. ఒక్కటే ఉంటే ఆ పెట్టె గేటు దాటది.”

“ఇది ఫ్యాక్టరీ కాదు. నేను అట్టపెట్టెను కాదు.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి కూర్చుంది. నేను గెలిచాననుకున్నాను.

నిజానికి మా దగ్గరా ఆ నియమం ఉంది. ఇన్సులిన్ లాంటి ప్రమాదకరమైన మందు ఇచ్చే ముందు ఇద్దరు చూడాలి. ఒకరు సిరంజీలోకి తీస్తే, రెండోవారు మందు సీసా, సిరంజీ, డాక్టరు చీటీ మూడూ కలిపి చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. నేను దానికి దగ్గరిదారి కనిపెట్టాను. ఇచ్చేవన్నీ ఇచ్చేసి, షిఫ్టు అయ్యాక స్టోర్ నాయక్ ముందు రిజిస్టరు పెట్టేవాణ్ని. అతను పదిహేను గళ్లలో పదిహేను సంతకాలు ఒకే ఊపిరిలో లాగించేవాడు. ఒకరోజు అతను కనపడలేదు. రిజిస్టరు షాహీన్ ముందు పెట్టాను.

“ఇక్కడ పెట్టమ్మా.”

“నేను సూడలే గద సార్.”

“నేను చూశాను.”

“మీరు చేసిన్రు సార్. చూసిన గడిలో నా పేరు రాస్తే, చూడనిది చూసిన్నని రాసినట్టు. నేను పెట్ట.”

“డ్యూటీలో ఉన్నావని మర్చిపోతున్నావు.”

“మర్చిపోలే సార్. అందుకే పెడ్తలేను.”

మరునాటి నుంచి ఆమెను దుప్పట్లు లెక్కపెట్టే పనిలో వేశాను. నాలుగు రోజులు. వచ్చినవి నూట ఎనభై, పోయినవి నూట ఎనభై. దుప్పట్ల కాగితం మీద కూడా పక్క అమ్మాయి చేత రెండో సంతకం పెట్టించుకునేదట. ఆ సంగతి విని నవ్వుకున్నాను. ఇది కూడా ఒప్పుకోవలసిన తెలివితక్కువతనాల్లో ఒకటి.

పంతొమ్మిదో రోజు స్టోర్ నాయక్‌కు జ్వరం. అతన్ని విడిగా ఉంచారు. మనుషులు చాలక షాహీన్‌ను మళ్లీ వార్డులోకి పిలిచాను. అదే రోజు ఉదయం చుట్టుపక్కల కంపెనీలవాళ్లు పంపిన సామాను దిగింది.

రేడియో మోగింది. “రెడ్, ఇది బేస్. మందులు వచ్చాయి. ఇన్సులిన్ కూడా ఉంది. ఓవర్.”

“బేస్, ఇది రెడ్. మంచిది. మా పాత సీసా పొద్దున్నే ఖాళీ అయింది. ఓవర్.”

ఇక్కడ ఒక్క విషయం చెప్పాలి. ఇన్సులిన్‌ను యూనిట్లలో కొలుస్తారు. ఒక రకం సీసాలో మిల్లీలీటరుకు నలభై యూనిట్లు ఉంటాయి. దాని సిరంజీకి ఎర్ర మూత. ఇంకో రకం సీసాలో మిల్లీలీటరుకు వంద యూనిట్లు. దాని సిరంజీకి నారింజ మూత. ఏ సీసాకు ఆ సిరంజీయే వాడాలి. గీతలు ఆ సీసా బలాన్ని బట్టే గీస్తారు. మా దగ్గర పద్దెనిమిది రోజులూ నలభై సీసాలే, ఎర్ర మూతలే.

పన్నెండూ ఐదుకు కొత్త డబ్బా తెరిచాను. పద్నాలుగో మంచం మల్లేశం. ఊరు బొంతపల్లి, పని బాయిలర్ ఆపరేటరు. వయసు యాభై రెండు. స్టెరాయిడ్ల వల్ల షుగరు మూడు వందల నలభై రెండు. డాక్టరు చీటీ: ఇన్సులిన్ పదహారు యూనిట్లు, చర్మం కింద, భోజనానికి అరగంట ముందు. టేబుల్ దగ్గర ఎర్ర మూత సిరంజీలో పదహారో గీత దాకా తీశాను. బుడగలు పోగొట్టాను. స్టీలు ట్రేలో పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చాను. సమయం పన్నెండూ పదమూడు.

షాహీన్ అక్కడే అతని వేలి నుంచి రక్తం తీసి షుగరు చూసి, అంకె రాస్తున్నది. నేను ట్రేను మంచం పక్క బల్ల మీద పెట్టాను. ఆమె పెన్ను కింద పెట్టింది. ట్రే మీద అరచేయి బోర్లించింది.

“సీసా సూపియ్యండి సార్.”

“సీసా టేబుల్ మీద ఉంది.”

“తెస్తరా సార్, నన్ను తెమ్మంటరా?”

మల్లేశం మాస్కు కొంచెం పైకెత్తాడు. “ఏందిది, నా సూది మీద పంచాయితా? జెర జల్దీ తెగ్గొట్టుండ్రి. పొద్దుగాల రెండు చెంచాల ఉప్మా తిన్న, గంతే. మళ్ల ఆకలైతలేదు.”

కోపంతోనే వెళ్లాను. టేబుల్ ఇరవై రెండు అడుగుల దూరం. సీసా తెచ్చి ఆమె ముఖం ముందు పెట్టి, బిగ్గరగా చదివి, ఆ అరచేయి తీయించాలన్నదే నా ఉద్దేశం. తిరిగొస్తూ పదో అడుగు దగ్గర చదివాను. మిల్లీలీటరుకు వంద యూనిట్లు.

మిగిలిన పన్నెండు అడుగుల్లో లెక్క తనంతట తనే అయింది. ఎర్ర మూత సిరంజీలో పదహారో గీత అంటే సున్నా పాయింట్ నాలుగు మిల్లీలీటర్లు. ఈ సీసాతో అది నలభై యూనిట్లు. ఇవ్వవలసింది పదహారు. రెండున్నర రెట్లు. తిన్నది రెండు చెంచాల ఉప్మా. అరగంటలో షుగరు పడిపోవడం మొదలవుతుంది. చెమట, వణుకు, తర్వాత స్పృహ ఉండదు. ఆక్సిజన్ మాస్కు కింద పడుకున్నవాడు స్పృహ తప్పితే నిద్రపోతున్నాడనుకుంటాం. నేనైతే నిద్ర పట్టిందని సంతోషించి లైటు కూడా తీసేసేవాణ్ని.

సీసా ఆమెకు ఇచ్చాను. ఆమె చదివింది. ట్రేలో సిరంజీ చూసింది. మళ్లీ సీసా చూసింది.

“మూత రంగు తప్పింది సార్,” అంది మెల్లగా. ఆమెకు ముందు తెలియదు. తప్పు పసిగట్టి ఆపిందీ కాదు. చూడకుండా సంతకం పెట్టదు, అంతే.

నారింజ మూత సిరంజీలు మాస్కుల డబ్బా కింద దొరికాయి. ఈసారి సీసా, సిరంజీ, చీటీ పక్కపక్కన పెట్టాం. ఆమె విడిగా లెక్క వేసింది, నేను విడిగా వేశాను. ఇద్దరికీ సున్నా పాయింట్ ఒకటి ఆరు మిల్లీలీటర్లు. పేరు అడిగాం, మంచం నంబరు చూశాం. పన్నెండూ నలభై ఒకటికి మందు ఇచ్చాం. భోజనం వచ్చేదాకా నేను కదలలేదు. మల్లేశం నాలుగు ముద్దలు తిన్నాడు. నాలుగూ లెక్కపెట్టాను. ఆ తర్వాత కొత్త డబ్బాలోని సీసాలు లెక్కపెట్టాను. తెరిచింది ఒక్కటే. అందులోంచి వేరే ఎవరికీ వెళ్లలేదు.

“గిది రిజిస్టరుల రాయాలె సార్,” అంది షాహీన్.

“ఏమీ కాలేదు కదమ్మా.”

“మా అమ్మీ వాళ్ల కాడ ఏమీ కానియే ఎక్కువ రాస్తరు సార్. అయినంక రాసేతందుకు ఇంకేముంటది?”

రేడియో తీశాను. ప్లాస్టిక్ కవరులో బటన్ రెండుసార్లు జారింది.

“బేస్, ఇది రెడ్. ఒక తప్పు జరగబోయి ఆగింది. ఓవర్.”

“తప్పు ఎవరిది? ఓవర్.”

“నాది. ఓవర్.”

“ఆపింది ఎవరు? ఓవర్.”

“దుప్పట్లు లెక్కపెట్టే అమ్మాయి. ఓవర్.”

సుబేదార్ సాబ్ గొంతు పెరిగింది. “ఆమె చేత దుప్పట్లు ఎవరు లెక్కపెట్టించారో సాయంత్రం చెప్పు. అవుట్.”

సాయంత్రం చెప్పాను. ఆయన అన్నవి ఇక్కడ రాయడం కుదరదు. ఆ రోజు నుంచి ఎర్ర మూతలన్నీ వార్డు బయటికి పోయాయి. దుప్పట్లు నేను లెక్కపెట్టాను. నాలుగు రోజులే.

మర్నాడు పొద్దున మల్లేశానికి కూడా జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. అతను పైకప్పు రేకుల వైపు చూసి, “మా బాయిలర్ కాడ గూడ గిట్లనే సార్. వాల్వు తిప్పెటోడు ఒకడు, మీటరు సూసెటోడు ఒకడు. రెండూ ఒక్కడే జేస్తే ఇగ ఈ రేకులుండయ్,” అన్నాడు. ముప్పై ఒకటో రోజు అతను నడుచుకుంటూ బయటికి వెళ్లాడు. గేటు దగ్గర నన్ను చూసి, “షాహీన్ బిడ్డ కాడ సంతకం వెట్టిచ్చుకున్న, పంపిస్తరా?” అని అడిగాడు.

నలభై రెండో రోజు ఉదయం ఏడుకు లారీ ఎక్కాం. మా ఊరి మలుపు ఎడమ పక్కన వచ్చింది, పోయింది. లారీ ఆగలేదు. నేనూ ఆపమనలేదు.

ఇప్పుడు రిటైరయ్యాను. సంగారెడ్డిలోనే ఉంటున్నాను. షాహీన్ ఇక్కడే ఒక నర్సింగ్ కాలేజీలో ట్యూటరు. ఏటా మోతాదు లెక్కల పాఠం రోజున నన్ను పిలుస్తుంది. ముందు వరుసలో కుర్చీ వేయిస్తుంది. ఎర్ర మూత, నారింజ మూత సిరంజీలు చూపించి, జరిగిందంతా చెప్పి, చివర్లో “ఆ హవల్దార్ ఈ సారే” అంటుంది. నలభై మంది నన్ను మ్యూజియంలో ఫిరంగిని చూసినట్టు చూస్తారు. చాయ్, బిస్కెట్ ఇస్తారు. మూడేళ్లుగా ఇదే.

ఈ ఏడు పాఠం అయ్యాక బోర్డు మీద లెక్క రాసింది. పన్నెండు కిలోల పాప. జ్వరం. పారాసిటమాల్ కిలోకు పదిహేను మిల్లీగ్రాములు. సిరప్ ఎన్ని మిల్లీలీటర్లు ఇవ్వాలి? పిల్లలు పెన్నులు తీశారు. నేను అలవాటు చొప్పున మనసులో నూట ఎనభై మిల్లీగ్రాముల దాకా వచ్చి ఆగిపోయాను. మళ్లీ చదివాను. సిరప్ ఐదు మిల్లీలీటర్లలో ఉన్న మందు నూట ఇరవై ఐదు మిల్లీగ్రాములా, రెండు వందల యాభయ్యా, బోర్డు మీద ఎక్కడా లేదు.

కుర్చీలోంచి లేచాను. మోకాళ్లు చప్పుడు చేశాయి.

“మేడం, సీసా సూపియ్యండి.”

షాహీన్ బోర్డు వైపు తిరిగింది. పై నుంచి కింది దాకా ఒకసారి చదివింది. ఆమె చెవులు ఎర్రబడటం వెనక నుంచి కూడా కనిపించింది. పిల్లలెవరూ ఆ లెక్క రాసుకోకుండా దాని మీద అరచేయి బోర్లించింది. వేళ్లు బాగా చాచి, అప్పుడు ట్రే మీద పెట్టినట్టే. ఆ చేయి ఇన్నేళ్లుగా నా కళ్ల ముందు ఉంది. ఈసారి గ్లవ్స్ లేవు.

రెండో చేత్తో చాక్‌పీసు నా వైపు చాచింది. “చూసినోళ్ల సంతకం పెట్టుండ్రి సార్.”

మెల్లగా వెళ్లాను. చాలా మెల్లగా, చిన్న చిన్న అడుగులు ఇరవై రెండు వేసి. పెద్ద అక్షరాలతో పెట్టాను.