దాదీ నేర్పిన కలిమా

మొన్న మేడ్చల్‌లో అన్నయ్య ఇంట్లో ఖురాన్ చుట్టిన బట్ట విప్పగానే అత్తరు వాసన వచ్చింది. మా నాయన తల్లి, దాదీ గుర్తొచ్చి సిగ్గుతో తల దించుకున్నాను.

దాదీకి చదువు రాదు. "అల్లాహ్ తప్ప వేరే దేవుడు లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త" అనే కలిమాను నాకు అరబ్బీలో నోటితోనే నేర్పింది. అప్పుడు సూరారంలో ఉండేవాళ్లం. పదేళ్ల వయసుకే అరబ్బీ చదవడం వచ్చిన గర్వంతో, కలిమా ఖురాన్‌లో ఎక్కడుందోనని సెలవులంతా వెతికాను. రెండు మాటలూ కలిసి ఒక్కచోటా కనపడలేదు.

పక్కింటి ఆడవాళ్ల ముందే అరిచాను. "నీకు సదువస్తదా ఏంది దాదీ? తప్పు నేర్పినవ్!"

దాదీ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉండిపోయింది.

మర్నాడు నాకు అరబ్బీ నేర్పే ఉస్తాద్ మొదటి మాటను ఖురాన్‌లో ఒక సూరాలో, అంటే అధ్యాయంలో, రెండో మాటను ఆ తర్వాతి సూరాలో చూపించారు. "రెండూ ఉన్నయి బిడ్డా. కలిపి చెప్పుడు ప్రవక్త నేర్పిండు" అన్నారు.

ఇంటికొచ్చి "దొరికింది దాదీ" అన్నాను. తప్పు నాదని మాత్రం అనలేదు. "మంచిగైంది బిడ్డా" అంది.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ, కలిమా చదివినప్పుడల్లా ఆమె నా మొహంలోకి చూసి అడిగేది. "సరిగ్గనే జెప్తున్ననా?"