పెళ్లిలో దూరం కూర్చున్న అత్త

మా మేనత్త కొడుకు పెళ్లి లింగంపేట దగ్గర వాళ్ల ఊళ్లోనే జరిగింది. తలంబ్రాల వేళకు పెళ్లికొడుకు తల్లి పందిట్లో కనిపించలేదు. వెతుక్కుంటూ పోతే పెరట్లో గోనెపట్టా వేసుకుని కూర్చుంది. ఒళ్లో చాట, చాటలో బీడీ ఆకు. కొడుకు పెళ్లినాడు కూడా చేతులు ఊరుకోలేదు.

"నేను ముట్టయిన, బిడ్డా, దగ్గరికి రాకు" అంది.

అత్తకు ముట్టు ఆగిపోయి ఏళ్లు గడిచాయి. ఆ మాటే అంటే నవ్వింది. ఈ మధ్య మళ్లీ మొదలైందట, అదీ నెలనెలా కాదు, ఎప్పుడు పడితే అప్పుడట. వచ్చినప్పుడల్లా దేవుడి గదికి, వంటింటికి దూరంగా ఉంటోంది. వాడకట్టు ఆడవాళ్లు "మల్ల పడుసుదానివైతున్నవ్ లే వదినా" అని ఆటపట్టిస్తున్నారు. దూరం కూర్చోబెట్టడం అందరికీ తెలుసు, డాక్టరుకు చూపించాలని ఒక్కరికీ తోచలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"క్యాన్సరేమో అత్తా, డాక్టర్‌కు సూపిద్దాం పా" అన్నాను.

మామ గయ్యిమన్నాడు. "పెండ్లింట్ల గా మాటేంది? క్యాన్సర్ బీడీలు తాగేటోళ్లకొస్తది. మీ అత్త చేస్తది గని తాగుతదా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

పెళ్లి సందడి తగ్గాక ఎల్లారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ ఒక డాక్టరు పడుకోబెట్టి చూడనైనా చూడకుండా రక్తం ఆగే గోలీలు రాశాడు. ఆగింది. "నీదంత ఉత్త బుగులు, ఊకె భయపడ్తవ్" అని మామ నన్ను వెక్కిరించాడు. వానలు పడేసరికి మళ్లీ మొదలైంది, ఈసారి నడుము నొప్పితో. తెలంగాణ ఉద్యమం రోజులు, బందులతో బస్సు ఏ పూట నడుస్తుందో తెలియదు. పోట్లాడి, బతిమాలి, చివరికి ఆటోలో ఇద్దరినీ కామారెడ్డి తీసుకుపోయాను.

అక్కడి డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చిన రోజు మమ్మల్ని కూర్చోబెట్టి, "గర్భసంచి మూతికి క్యాన్సర్. బాగా ముదిరింది, హైదరాబాద్ పోవాలె" అంది. నా వైపు తిరిగి విసుక్కుంది. "ఈ దిక్కు ఆడోళ్లంత గిట్లనే. గర్భసంచి గానీ, రొమ్ము గానీ, నోరు గానీ, ముదిరినంకనే పట్టుకొస్తరు."

నన్నెందుకు తిడుతుందో! అరవాలనిపించింది. మామ గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు, అతని మీద అరిచీ లాభం లేదు.

అత్త మాత్రం డాక్టరమ్మనే చూస్తోంది. "అంటె గిది ముట్టు కాదా అమ్మా?"

"కాదు, జబ్బు."

అత్త ముఖం విప్పారింది. అప్పటిదాకా నన్ను ముట్టుకోని మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇన్నవా బిడ్డా? ముట్టు కాదట. ఇగ నా కోడలికి నా చేత్తోని వండి పెట్టొచ్చు."