జగ్గమ్మ నోటికి తాళం

మా కింది వాటాలో అద్దెకుండే దేవేంద్ర తల్లి పేరు జగ్గమ్మ. పాతపట్నం అవతల, ఒరిస్సా సరిహద్దు దగ్గరి పల్లె ఆవిడది. ఆ ఊళ్ళో ఏ పిల్లవాడైనా అన్నం ముట్టనని మొండికేస్తే జగ్గమ్మకి కబురు పెట్టేవారట. ఈవిడ వెళ్ళి కంచం ముందు పెట్టుకుని, ఆ పిల్లాడితో తగువు వేసుకునేదట. "తినకపోతే పోనీ, నీ బువ్వ మా ఎర్రావుకి ఎట్టీస్తాను, ఏటంటావు?" అనేదట. వాడు ఉక్రోషంతో జవాబు చెప్పడానికి నోరు తెరవగానే ముద్ద లోపలికి వెళ్ళిపోయేదట. వాళ్ళ ఊరి మనిషి ఒకాయన పనిమీద శ్రీకాకుళం వచ్చి, మా మెట్లమీద కూర్చుని ఇదంతా చెప్పాడు. నేను నమ్మలేదు. ఇక్కడికి వచ్చిన కొత్త తప్పిస్తే, జగ్గమ్మ మనవడి ముందు నోరు విప్పగా నేనెన్నడూ చూడలేదు.

దేవేంద్రది మందుల కంపెనీలో ఉద్యోగం. సంచీ భుజాన వేసుకుని డాక్టర్ల చుట్టూ తిరగడం, తమ మందు గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పడం. అంటే మాటే అతని కూడు. చదువు అయిన కొత్తలో విశాఖపట్నంలో ఇంటర్వ్యూకి వెళితే, వాళ్ళడిగింది అర్థంకాక "ఏటండీ?" అన్నాడట. బల్లకి అవతల కూర్చున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారట. ఒకాయన ఆ మాటని అతనిచేత అదే యాసలో మళ్ళీ అనిపించి మరీ నవ్వాడట. ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత వేరే ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. ఆ నవ్వు మాత్రం అతని చెవిలోంచి పోలేదు.

కొడుకు దీక్షిత్‌ని చూసుకోవడానికే తల్లిని ఊరినుంచి తెచ్చాడు. కోడలు రేఖ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది, పొద్దున్న వెళితే సాయంత్రానికి గానీ రాదు. జగ్గమ్మ వచ్చిన కొత్తలో ఒకరోజు నేను కిందే ఉన్నాను. పసివాణ్ణి కాళ్ళమీద వేసుకుని ఆవిడ ఏదో గలగలా చెబుతోంది. బూట్లు విప్పుకుంటున్న దేవేంద్ర ఒక్కసారి గయ్యిమన్నాడు.

"అమా! ఎన్నిసార్లు సెప్పాలే నీకు? ఆడి ముందర అలగ మాటాడొద్దని సెప్పినానా లేదా?"

తల్లిమీద కోపం వస్తే అతనికీ అదే యాస వచ్చేస్తుంది. నాకు నవ్వొచ్చింది, కానీ అతని ముఖం చూసి మింగేశాను.

"మరేటి సెయ్యమంటావురా? నాకొచ్చింది ఈ మాటే కదా," అంది జగ్గమ్మ.

"రాకపోతే ఊరుకో. ఫోన్లో బొమ్మలెట్టీ. అవే నేర్పుతాయి."

ఆ బొమ్మల్లో పసుపు బాతూ తాబేలూ ఉంటాయి. బాతు ప్రతి వస్తువునీ ముందు చక్కని తెలుగులో చెప్పి, వెంటనే ఇంగ్లీషులో చెబుతుంది. రంగులు, పళ్ళు, ఆకారాలు, అన్నీ రెండు భాషల్లోనే. రేఖ ఒకసారి నాకు వివరంగా చెప్పింది. "ఆంటీ, ఇది ఊరికే కాలక్షేపం కాదండీ, చదువు. మా విజయనగరంలో మా అక్క పిల్లలు కూడా ఇవే చూసి పెరిగారు. అంత స్పష్టమైన తెలుగు నాకే రాదు, ఇంక ఇంగ్లీషు సంగతి చెప్పేదేముంది? మేం పడ్డ సిగ్గు వాడు పడకూడదు." ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, అత్తగారిమీద పగతోనూ చెప్పలేదు. కొడుకు బాగుండాలని చెప్పింది. అందుకే నాకు ఎవరిని తిట్టాలో తెలిసేది కాదు.

ఆ బాతుని తప్పుపట్టడానికీ లేదు. మా మనవరాలు విశాలి కూడా దాన్నే చూసింది. అయితే మా ఇంట్లో అది బొమ్మలు చూస్తుంటే మేం నోళ్ళు మూసుకుని కూర్చోలేదు. బాతు "ఇది ఏ రంగు?" అంటే ఆ పిల్ల నావైపు తిరిగేది, నేను కావాలని తప్పు చెప్పేదాన్ని, అది నన్ను తిట్టేది. కింద మాత్రం గోడకి ఆనించిన ఫోను ఒకటే మాట్లాడేది. జగ్గమ్మ ముద్ద పెట్టేది, మూతి తుడిచేది, బట్ట మార్చేది, చేయి పట్టుకుని గుమ్మం దాటించేది. పెదవి కదిపేది కాదు. పిల్లవాడు బొమ్మలో ఏదైనా చూసి కేరింతలు కొడితే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను మేడమీంచి చాలాసార్లు చూశాను.

వాడు నిద్రపోగానే వెనక మెట్లెక్కి మా వంటింట్లోకి వచ్చేది. ఇక చూడాలి ఆవిడ మాటలు! వానలు, నాట్లు, తోటికోడలి తగాదాలు, ఎవరిదో ఒరిస్సా సంబంధం, అన్నీ ఏకధాటిగా చెప్పేది.

"గుంటడు నిద్దరోనాడు తాయారమ్మా. ఇప్పుడు మాటాడినా పరవాలేదు," అని మొదలుపెట్టేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "వాడితో నాలుగు మాటలు మాట్లాడితే కొంప మునుగుతుందా జగ్గమ్మా? కొడుకు ఇంట్లో లేనప్పుడైనా మాట్లాడొచ్చుగా?"

"నా మాట ఆడికి అంటుకుంటాదట. మాటేటైనా గజ్జి రోగమేటి, అంటుకోడానికి?" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "కాదమ్మా. రేపు ఆణ్ణి సూసి ఎవలైనా నవ్వితే, నా వల్లే అనుకోవాల నాను. మావోడు ఇశాపట్నం నుంచి వొచ్చి ఎలగ ఏడిసినాడో సూసినాను కదా. ఊరుకుంటాను. ఒక్క ఆశమ్మా నాకు. ఆడు నన్ను సూసి 'నానమ్మా' అని పిలిస్తే సాలు. ఆడి మాటలోనే పిలవనీ, ఆ బాతు మాటలోనే పిలవనీ."

ఆ బాతు నాయనమ్మ అనే మాట చెప్పినట్టు లేదు. దీక్షిత్ మిగిలినవన్నీ నేర్చాడు. మూడేళ్ళు దాటేసరికి ఆపిల్ దగ్గర్నించి త్రిభుజం దాకా రెండు భాషల్లో, అచ్చం బాతు గొంతుతో చెప్పేవాడు. ఇంటికి ఎవరొచ్చినా దేవేంద్ర వాడిచేత చెప్పించేవాడు. కానీ దాహమేస్తే వాడు నీళ్ళు కావాలని అడగడు, నాయనమ్మ చెయ్యి పట్టుకుని బిందె దాకా లాక్కెళతాడు. పేరుపెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఇది మేమంతా చూశాం. రంగులన్నీ చెప్పేవాడికి లోటేముంటుందని అనుకున్నాం.

బడిలో వేస్తే కొద్దిరోజులకే టీచర్లు రేఖని పిలిపించారు. పిలిస్తే పలకడం లేదు, తోటిపిల్లలతో మాట కలపడం లేదు, ఒకసారి డాక్టరుకి చూపించండి అన్నారు. రేఖ ఏడుస్తూ ఇంటికి వచ్చింది. దేవేంద్ర తాను మందుల పనిమీద వెళ్ళే పిల్లల డాక్టరు దగ్గరే సమయం తీసుకున్నాడు. ఆ రోజు రేఖకి సెలవు దొరక్క, జగ్గమ్మతో పాటు నన్ను కూడా తోడు వెళ్ళమంది.

డాక్టరు మంచివాడు. వాడి వెనకనుంచి గంట మోగించాడు, చిటిక వేశాడు, బొమ్మలిచ్చి ఆడించాడు. చెవులు బాగానే ఉన్నాయన్నాడు. తర్వాత దేవేంద్ర వైపు తిరిగాడు.

"పగలంతా బాబు దగ్గర ఎవరుంటారు?"

"మా అమ్మ సార్."

"ఆవిడ వాడితో బాగా మాట్లాడుతుందా?"

వారం వారం నున్నటి మాటలతో మందులు చెప్పే మనిషి ఆ డాక్టరు ముందు ఏమని చెబుతాడు? మా అమ్మ యాస నాకు సిగ్గు, అందుకని నోరు మూయించాను అని చెప్పగలడా? తల వంచుకుని ఒకటే మాటన్నాడు.

"అమ్మ మాట్లాడదు సార్."

డాక్టరు ముఖం మెత్తబడింది. "అయ్యో. పుట్టుకతోనేనా?"

దేవేంద్ర అవుననలేదు, కాదనలేదు. డాక్టరు జగ్గమ్మ వైపు వంగి, తన చెవి చూపించి, వినపడుతుందా అన్నట్టు సైగ చేశాడు. నా ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాను. జగ్గమ్మ బల్ల కింద నా చెయ్యి పట్టుకుని నొక్కింది. గేదెల పాలు పితికిన చెయ్యి, నా వేళ్ళు నలిగాయి. ఆవిడ డాక్టరుని చూసి, వినపడుతుందన్నట్టు తలూపింది. కొడుకు పరువు కోసం మూగదైపోయింది.

"చూడండి," అన్నాడు డాక్టరు, "బొమ్మలు ఎంత మంచివైనా వాటి దారిన అవి చెప్పుకుపోతాయి. వీడు జవాబు చెప్పేదాకా ఆగవు. వీడితో రోజంతా మనిషి మాట్లాడాలి. ఇంట్లో మీరు ఏ భాష మాట్లాడుకుంటారో అదే చాలు. పాపం ఈవిడ వల్ల అవదు కనుక, మాట్లాడగలిగే మనిషిని ఎవరినైనా చూసుకోండి. ఇప్పటికే ఆలస్యమైంది."

ఆటోలో ఇంటికి బయల్దేరాం. నాకు దేవేంద్రని ఏడు రోడ్ల కూడలిలో దింపేసి, అందరిముందూ కడిగెయ్యాలనిపించింది. జగ్గమ్మ మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని బయటికి చూస్తూ కూర్చుంది.

మేం లోపలికి వెళ్ళేసరికే రేఖ ఇంటికి వచ్చి ఉంది. దేవేంద్ర భార్యకి అంతా చెప్పాడు, తాను అన్న మాటతో సహా. రేఖ అత్తగారి పక్కన కూలబడింది. దేవేంద్ర ఫోనులో బొమ్మలు ఆపేసి, దాన్ని అలమారలో పెట్టాడు.

"అమా, ఇంకమీద నువ్వు మాటాడే," అన్నాడు.

"ఏ మాట మాటాడాలిరా?"

"నీ మాటే."

జగ్గమ్మ కంచంలో పెరుగన్నం కలిపి మనవడి ఎదుట చతికిలబడింది. గొంతు సవరించుకుంది. కొత్త కోడలికున్నంత బెరుకు ఆవిడ ముఖంలో. "తినీ నాయనా. సిన్న ముద్దే సేసినాను, సూడు," అంది.

దీక్షిత్ ఉలిక్కిపడ్డాడు. గబగబా అటూ ఇటూ చూసి, లేచి అలమార దగ్గరికి వెళ్ళాడు. మునివేళ్ళమీద నిలబడి ఫోను అందుకున్నాడు. నల్లటి అద్దాన్ని వేలితో తట్టాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు. జగ్గమ్మ వెనకనుంచి "ఇటు సూడు బాబూ, నాను మాటాడుతున్నాను," అంది. వాడు ఇంకా గట్టిగా ఫోనుని తట్టాడు. ఆ గొంతు నాయనమ్మ నోట్లోంచి వస్తుందని వాడికి తోచనేలేదు. జగ్గమ్మ దగ్గరికెళ్ళి వాడి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని మళ్ళీ పలికేసరికి, కదులుతున్న ఆ పెదాలు చూసి భయపడి కెవ్వుమన్నాడు. తల్లి ఒళ్ళోకి పరిగెత్తాడు.

దేవేంద్ర గోడకి తలానించి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "తప్పయిపోనాదమ్మా, డాక్టరు దగ్గిర అలగ సెప్పకుండా ఉండవలసింది," అన్నాడు.

"నువ్వేటి అబద్దం సెప్పినావురా?" అంది జగ్గమ్మ. "నీ కొడుక్కి నాను మూగదాన్నే కదా." చేతిలో ఉన్న ముద్దని కంచంలో వేసి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.