ఇచ్చిన చేతికే

మా చిన్నప్పుడు కంభంలో సంత రోజు వచ్చిందంటే ఖాలా గాజుల దుకాణంలో కాలు పెట్టే సందు ఉండేది కాదు... గాజులు కొనేవాళ్ళతో అనుకునేరు, సంచులతో!

పల్లెల నుంచి పొద్దున్నే బస్సు దిగిన ఆడవాళ్ళు, కొన్నవన్నీ మోసుకుంటూ తిరగలేక, "ఖాలా, ఇదీడ పెడతన్నా, సాయంత్రం తీసుకుంటా" అని బల్ల కిందికి తోసేసి పోయేవాళ్ళు. ఎండుమిరపకాయల మూటలు, కొత్త చేటలు, ఒకసారి కాళ్ళు కట్టేసిన కోడిపెట్ట కూడా... ఖాలా తలెత్తకుండానే "అమానత్" అనేది. నా దగ్గర భద్రంగా ఉంటుంది, వచ్చి తీసుకో అని. ఖాలా అంటే వాళ్ళ ఉర్దూలో పిన్ని. ఊరు మొత్తానికీ ఆమె పిన్నే.

ఒక్క విషయంలో మాత్రం మహా మొండిది. ఇచ్చిన చేతికే తిరిగి ఇచ్చేది. ఒకసారి ఒకాయన వచ్చి "ఆ మూట మా వదినెది, ఇయ్యి ఖాలా, బస్సు పోతా ఉంది" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. "మీ వదినెనే రమ్మను. నాకిచ్చింది ఆమె, నువ్వు గాదు" అంది. బస్సు కాస్తా వెళ్ళిపోయింది. ఆయన తిట్టుకుంటూ అక్కడే కూచుంటే, ఖాలా టీ తెప్పించి ఇచ్చింది.

సరే... నేనూ ఆ బల్ల దగ్గరికి అలా వచ్చిన సామానునే.

మాది ఆ పక్క వీధి. నాయన తాగితే మనిషి కాదు. నా ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను... అంతకన్నా చెప్పను. అమ్మకు జబ్బు ముదిరి పెద్దాసుపత్రికి పోవాల్సి వచ్చినప్పుడు, నా బట్టలు ఒక పూల సంచిలో సర్ది, నన్ను దుకాణానికి తీసుకొచ్చింది.

"ఖాలా, దీన్ని ఆయన కాడ ఇడిసిపెట్టి పోలేను. నీ కాడ పెట్టుకో. నేనొస్తే తీసకపోతా. రాకుంటే..."

"అమానత్ లే బేటీ. నిబ్బరంగా పోయిరా" అంది ఖాలా.

అమ్మ రాలేదు. ఆసుపత్రిలోనే పోయింది.

ఖాలా నన్ను తన పక్కలో పడుకోబెట్టుకుంది. భర్త పోయి, పిల్లల్లేని మనిషి... నాకు జడలు ఎంత బిగించి వేసేదంటే కనుబొమలు పైకి లేచేవి! తలంటి పోసి, బొట్టు తిన్నగా పెట్టడం తనకు రాదని ఎదురింటి సుబ్బక్కను కేకేసేది. పప్పులో నెయ్యి ఒలకబోసేది. కానీ నాకు ముద్ద దిగేది కాదు.

ఎందుకంటే అమానత్ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. సాయంత్రం అయ్యేసరికి ఎవరి సంచి వాళ్ళకు వెళ్ళిపోతుంది. బల్ల కింద ఏదీ మిగలదు. మరి నన్ను కూడా ఏదో ఒక రోజు నాయనకు ఇచ్చేస్తుంది కదా!

అందుకని నా పూల సంచిని గాజుల పెట్టెల వెనక దాచేశాను. సంచి కనబడకపోతే నేనూ ఎవరికీ గుర్తు రానని నా తెలివి. గౌను కోసం ఖాలా ఇల్లంతా వెతుకుతుంటే నోరు మెదపలేదు.

ఒక సంత రోజు నాయన రానే వచ్చాడు. పట్టపగలే సారా వాసన. నేను ఒక్క గెంతులో పెట్టెల వెనక్కి వెళ్ళి, సంచిని కావలించుకుని కూచున్నాను.

"నా కూతుర్ని ఇయ్యి. కన్నతండ్రిని, నాకు లేని హక్కు నీకేంది?"

ఖాలా అప్పుడు ఒకామెకు గాజులు తొడుగుతోంది. ఆపలేదు. చిట్లకుండా చివరి గాజు కూడా ఎక్కించి, అప్పుడు తలెత్తింది.

"నువ్వే నా చేతికి ఇచ్చింటే నీకే ఇచ్చేదాన్ని తమ్ముడూ. దీన్ని నాకిచ్చింది వాళ్ళమ్మ. అమానత్ ఇచ్చిన చేతికే ఇస్తా. పో... ఆమెను పిలుచుకొని రా."

నాయన ఒక అడుగు లోపలికి వేశాడు. సంచులు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళంతా లేచి అడ్డంగా నిలబడ్డారు. మూట కోసం వచ్చి బస్సు పోగొట్టుకున్న ఆ పెద్దమనిషి కూడా ఆ రోజు అక్కడే ఉన్నాడు. "ఆమె ఇయ్యదులే అన్నా. నేనూ అడిగి చూసినోణ్ణే. పా" అని నాయన భుజం పట్టుకుని బయటికి నడిపించాడు.

ఖాలా పెట్టెల వెనక్కి వచ్చి నా ముందు చతికిలబడింది. నన్ను చూసింది, సంచిని చూసింది. "ఈడ పెట్టినావా తల్లీ!" అని నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. బట్టలన్నీ బయటికి తీసి, తన బీరువాలో తన చీరల పక్కన పెట్టింది. ఖాళీ సంచిని దులిపి "పా, కూరగాయలు తెచ్చుకుందాం" అంది. ఆ రోజు నుంచి అది మా ఇంటి కూరగాయల సంచి. ఆ రాత్రి రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాను.

తర్వాత అధికారులు వచ్చారు. నన్ను అడిగారు, ఖాలాను అడిగారు. నాయన దగ్గర నాకు క్షేమం కాదని తేల్చారు. నేను పెద్దయ్యేదాకా ఖాలానే గార్డియన్ అని కోర్టు చెప్పింది. ఆ మాట ఆమెకు నోరు తిరిగితేనా!

"ఏంది బేటీ అది... గాడియనా?"

"అమానతే ఖాలా."

"అట్ల చెప్పరాదూ!"

ఆ ఇంట్లోనే చదువుకున్నాను. ఆ ఇంటి గడప దాటే ఉద్యోగానికి వెళ్ళాను. ఇప్పుడు ఆ దుకాణం ఉన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. సంతకు బైకుల మీద వచ్చి బైకుల మీదే వెళ్ళిపోతున్నారు. సంచి పెట్టే అవసరం ఎవరికీ లేదు, పెడతామన్నా ఉంచుకునేవాళ్ళు లేరు...

పోయినేడు ఖాలా కన్నుమూసింది. చాలా ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక ఒకటి తట్టింది... నన్ను ఇచ్చిన చెయ్యి ఇప్పుడు ఆమెకు ఎదురొచ్చి ఉంటుంది కదా! ఖాలా అమ్మతో ఏమని ఉంటుందో కూడా నాకు తెలుసు.

"నీ అమానత్ భద్రంగా ఉంది బేటీ. తొందరేం లేదు... దాన్ని అప్పుడే పిలవబాకు."

మీ చిన్నప్పుడు మీ అమ్మ మిమ్మల్ని ఎవరి దగ్గర వదిలి నిబ్బరంగా వెళ్ళేది? వాళ్ళను మీరు ఏమని పిలిచేవాళ్ళో ఇక్కడ రాయండి... చదువుకుంటాను.