నాయనమ్మ వెనకేసుకొచ్చిన రాజు

బైబిల్లోని పెద్దలందరినీ మా నాయనమ్మ ‘గారు’ పెట్టి పిలిచేది. అబ్రహాముగారు, మోషేగారు, పౌలుగారు. దావీదు రాజు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘వాడు’ అనేది. అందులో అమర్యాదేమీ లేదు. ఇంట్లో ఆఖరి కొడుకుని అన్నట్టు అనేది. దావీదు కూడా వాళ్ళింట్లో ఆఖరివాడే కదా. ‘పిచ్చి సన్నాసి, గొర్రెల కాడ ఎండకీ వానకీ ఒక్కడే ఉండేవాడు’ అని చెబుతుంటే, ఆ గొర్రెలు మా పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలగట్లమీదే మేసినట్టు అనిపించేది నాకు.

ఎనభైల నడిమి సంగతి ఇది. టీచరు ట్రైనింగు అయిపోయి, ఉద్యోగం పిలుపు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నాను. నాయనమ్మకి కళ్ళలో శుక్లాలు ముదిరి అక్షరాలు కనిపించడం మానేశాయి. పొద్దున్నే ఆమెకి బైబిలు చదివి వినిపించడం నా పని. ఎక్కడ చదవమంటావంటే రోజూ ఒకటే జవాబు: ‘వాడి దగ్గర చదువు.’

ఆ యేడు మా చర్చికి కొత్త పాస్టరుగారు వచ్చారు. పొన్నూరు వైపు మనిషి, కుర్రవాడు, సెమినరీ నుంచి తిన్నగా మా పల్లెకే వచ్చారు. భార్య పురిటికి పుట్టింటికి వెళ్ళింది కాబట్టి సంఘంలో వాళ్ళు వంతులేసుకుని భోజనం పెట్టేవారు. వరిపొలాల మధ్య పెరిగిన మనిషికి మా కారం కొత్త. చర్చి పక్కనే కల్లం ఉండేది. మిరపకాయలు ఎండబోసే రోజుల్లో గాలి ఇటు తిరిగిందంటే ఆయనకి తుమ్ములు పట్టుకునేవి. ప్రసంగం మధ్యలో తుమ్మి, రుమాలుతో కళ్ళు తుడుచుకుని, ఆపిన మాట దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెట్టేవారు. సంఘానికి ఆయన మీద ఇష్టం కలగడానికి ఆ తుమ్ములే సగం కారణం.

ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైంది. ఈస్టరు వరకూ ఆదివారం ఆదివారం దావీదు గురించే చెబుతానన్నారు పాస్టరుగారు. నాయనమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు మొదటి చాప మీద కూర్చుంది. తీరా చూస్తే ఆయన చెప్పేది దావీదు గొప్పలు కాదు, తప్పులు. రాజైనవాడు ధర్మశాస్త్రాన్ని తన చేత్తో రాసుకుని, బతికినన్నాళ్ళూ చదువుకోవాలని దేవుని ఆజ్ఞ ఉంది, దావీదు రాసుకున్నట్టు ఎక్కడా లేదన్నారు. రాజు ఎక్కువమంది భార్యల్ని చేసుకోకూడదని ఉంది, దావీదు చేసుకుంటూనే పోయాడన్నారు. మా నాయనమ్మ చాప కొస పీకుతూ కూర్చుంది.

ఆ పై ఆదివారం మందసం సంగతి వచ్చింది. దేవుని ఆజ్ఞల పలకలున్న ఆ పెట్టెని లేవీయులనే గోత్రంవాళ్ళు భుజాల మీద మోయాలి, దావీదు బండికెక్కించాడు, దారిలో ఎద్దులు తడబడ్డాయి, మందసం పడిపోతుందని చెయ్యి ఆనించినవాడు అక్కడికక్కడే చనిపోయాడు. ‘రాజు నియమం తప్పితే ప్రాణం పోయింది ఇంకొకడిది’ అన్నారు పాస్టరుగారు. ఆ మాట మంచి మాట. ప్రార్థన అయ్యాక అందరూ బయటికి వచ్చి ఆయనకి దణ్ణాలు పెడుతుంటే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని ఆయన ముందుకి వెళ్ళి నిలబడింది.

“అయ్యగారూ, వాడు కొత్త బండి కట్టించాడండి. పాత బండి మీద ఎక్కించలేదు. అది కూడా చెప్పాలి గదండీ మరి.”

చెప్పి ఉండాల్సిందని ఆయన ఒప్పుకున్నారు. ఆమె అంతటితో ఊరుకోలేదు. చిన్నప్పుడే గొర్రెల వెంట తోలిన పిల్లవాడికి మోషేగారు రాసింది ఎవరు చదివి చెప్పారని అడిగింది. తన కొడుకు తప్పుల్ని ఏ తల్లయినా ఇట్లా నలుగురిలో చెప్పుకుంటుందా అని కూడా అడిగింది. పాస్టరుగారు నవ్వలేదు. దావీదు తప్పుల్ని రాయించింది దేవుడేనమ్మా, దాచాలనుకుంటే ఆయనే దాచేవాడు అన్నారు. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది. దారంతా గొణుక్కుంటూ ఇంటికి వచ్చింది.

మూడో ఆదివారం దావీదు తన సైనికుడి భార్యని తెచ్చుకున్న కథ వస్తుందని అందరికీ తెలుసు. నాయనమ్మ మోకాలు నొప్పి అంది. అమ్మా నాన్నా చర్చికి వెళ్ళారు. నేను ఆమె దగ్గర ఉండిపోయాను. ఆ కథ తరవాత దావీదు ఏడుస్తూ పాడుకున్న కీర్తన చదవమంది. చదివాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని వింది.

“ఆ పని మాత్రం వాడు చెయ్యగూడనిదే. ఆడకూతుర్ని చెరిచి, మొగుణ్ణి చంపించాడు. దానికి నేను వాడి తరపున మాట్లాడనమ్మాయ్” అంది. దుప్పటి మీదికి లాక్కుంటూ, “ఏడ్చాడు గదా” అంది.

ఆ మధ్యాహ్నం పాస్టరుగారి భోజనం వంతు మాది. ఆయన కోసం అమ్మ కారం తగ్గించి చేసింది. తింటూ ఆయన ఒక మాట అడిగారు. ఆదివారం పూట చర్చి బయట గోడకి ఆనుకుని ఒకాయన నిలబడి ఉంటాడు, లోపల పాట మొదలవగానే బయట నుంచి పాడతాడు, సంఘమంతటిలోనూ అంత మంచి గొంతు లేదు, ఎవరాయన, లోపలికి ఎందుకు రాడు అని.

అమ్మ నాయనమ్మ వైపు చూసింది. నాయనమ్మ మజ్జిగ కోసం లేచేసరికి తనే చెప్పింది. ఆయన మా బాబాయి, నాయనమ్మ ఆఖరి కొడుకు. లారీ డ్రైవరు. మా వైపు నుంచి గుంటూరు యార్డుకి మిరపకాయల బస్తాలు తోలేవాడు. చిన్నప్పటి నుంచి చర్చిలో డోలక్కు వాయించింది వాడే. ఒకసారి యజమాని కొత్త లారీ కొని పూజకి పెదకాకాని శివుడి గుడికి తీసుకెళ్ళమన్నాడు. అక్కడ గుడి ముందు కొబ్బరికాయలు అమ్మే ఆమె కూతుర్ని చూశాడు. ఆ తరవాత పెదకాకాని మీదుగా వెళ్ళాల్సిన పని లేకపోయినా వెళ్ళేవాడు. పెళ్ళి ఆ గుడిలోనే చేస్తానని పిల్ల తల్లికి మొక్కు. బాబాయి ఆ గుడిలోనే తాళి కట్టాడు. సంఘ పెద్దలు కూర్చుని, రొట్టె ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకి దూరం పెట్టారు. డోలక్కు కూడా ముట్టుకోవద్దన్నారు. చర్చి లోపలికి రావద్దని మాత్రం ఎవరూ అనలేదు. డోలక్కు వేరేవాళ్ళు వాయిస్తుంటే లోపల కూర్చోలేక వాడే బయట ఉండిపోయాడు.

అమ్మ చెప్పనిది ఒకటుంది. నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు పెద్దలు తీర్పు చెబుతుంటే, నియమం నియమమే, నా కొడుకైతే మాత్రం ఏంటి అన్నది నాయనమ్మే. మా పల్లెలోనే బోరింగు అవతలి వరసలో బాబాయి కాపురం పెట్టాడు. నాయనమ్మ ఆ గడప తొక్కలేదు. కొడుకు ఇంటికి వస్తే అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు.

పాస్టరుగారు అన్నీ విన్నారు. మజ్జిగ పోయడానికి నాయనమ్మ తడుముకుంటూ ముందుకి వస్తే ఆమె ముఖంలోకి చూసి నెమ్మదిగా అడిగారు.

“దావీదు తప్పులు చెప్పానని మీకు నా మీద కోపం వచ్చిందమ్మా. మీ అబ్బాయి తప్పు నలుగురూ చెప్పినప్పుడు మీకు కోపం రాలేదా?”

ఆమె గ్లాసు దగ్గరికి లాక్కుంది. మజ్జిగ పోసింది, గ్లాసు నిండి పొర్లింది. పాస్టరుగారు ఆ మాట అడిగినందుకు తనే నొచ్చుకున్నట్టు గబగబా తాగి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. ఆ వారమంతా నాయనమ్మ బైబిలు చదవమని నన్ను పిలవలేదు.

నాలుగో ఆదివారం చర్చికి వచ్చింది. ఆ రోజు రొట్టెల కథ. దావీదు రాజు కాకముందు ప్రాణభయంతో పారిపోతూ, ఆకలితో దేవుని మందిరంలో యాజకుడి దగ్గరికి వచ్చి ఏమున్నా పెట్టమని అడిగాడు. యాజకుడి దగ్గర దేవుని సన్నిధిలో పెట్టిన రొట్టెలు తప్ప వేరే ఏమీ లేవు. అవి యాజకులే తినాలని నియమం. దావీదు తినకూడనివాడు, పైగా రాజు పంపిస్తే వచ్చానని అబద్ధం కూడా ఆడాడు. యాజకుడు పెట్టాడు, దావీదు తిన్నాడు. నియమం తప్పిన మాట నిజమే, కానీ దీన్ని తప్పని తరవాత ఏసు ప్రభువు కూడా అనలేదన్నారు పాస్టరుగారు. ఎందుకు అనలేదో ఎవరికి వాళ్ళు ఇంటికెళ్ళి ఆలోచించుకోమని చెప్పి, తుమ్మి, ముగించారు.

మర్నాడు పొద్దున నాయనమ్మ కాఫీ తాగలేదు, ముద్ద ముట్టలేదు. పొద్దెక్కాక నన్ను పిలిచి బాబాయి ఇంటికి తీసుకెళ్ళమంది. బోరింగు దగ్గర ఆగి ముఖం కడుక్కుంది. ఎండకేమో అనుకున్నాను.

బాబాయి లారీ మీద వెళ్ళాడు. పిన్ని నిండు గర్భిణి. వాకిట్లో మమ్మల్ని చూసి చీపురు అక్కడే వదిలేసి నిలబడిపోయింది. లోపల ఆమె తల్లి ఉంది, పెదకాకాని నుంచి ముందు రోజు సాయంత్రమే వచ్చిందట. నుదుట ఇంత బొట్టు, భుజం మీదుగా బిగించిన కొంగు. ఆమె కూడా లేచి నిలబడింది. నాయనమ్మ గడప దాటి లోపలికి వచ్చి, కింద కూర్చుంది.

“ఆకలిగా ఉందమ్మా. ఏమన్నా ఉంటే పెట్టు.”

పిన్ని తన తల్లి వైపు చూసింది. అన్నం ఇంకా వండలేదని, ఎసరు పెడతానని, కాసేపు కూర్చోమని అంది.

“వండినదేం లేదా?”

“అమ్మ చేసి తెచ్చిన పులిహోర ఉందత్తమ్మా. అది గుళ్ళో నైవేద్యం పెట్టిన ప్రసాదం. మీరు తినరు గదా.”

తినరు. నిజమే. చిన్నప్పుడు బళ్ళో స్నేహితురాలు పెట్టిన ప్రసాదం నోట్లో వేసుకుని ఇంటికి వచ్చానని నాతో నోరు కడిగించింది నాయనమ్మే. మా వాళ్ళందరికీ అది పెద్ద నియమం. దాని కోసం చుట్టాల పెళ్ళిళ్ళలో పస్తులున్నవాళ్ళు కూడా ఉన్నారు.

“అదే పెట్టు” అంది నాయనమ్మ.

పిన్ని కదల్లేదు. ఆమె తల్లే విస్తరాకు వేసి వడ్డించింది. నాయనమ్మ కళ్ళు మూసుకుని భోజనం ముందు చేసే ప్రార్థన చేసింది. అది ఎప్పుడూ చిన్న ప్రార్థన. ఆ రోజు చాలాసేపు పట్టింది. లోపల్లోపలే చేసింది కాబట్టి ఏం చెప్పుకుందో నాకు తెలియదు. తరవాత మెతుకు మిగల్చకుండా తిని, ఉప్పు కాస్త తగ్గింది వదినా అంది. అవును వదినా, నిన్న హడావిడిలో పడ్డానంది ఆమె. పిన్ని వంటగదిలోకి వెళ్ళి ఏడ్చింది.

ఆ సంగతి నాయనమ్మ దాచుకోవాలనుకుంటే దాచుకోవచ్చు. చూసినవాళ్ళం మేమే. కానీ ఈస్టరుకి ముందు వచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నచోటికి తనే వెళ్ళింది. నేను ప్రసాదం తిన్నాను, మీ నియమం నాకూ వర్తిస్తుంది, నన్ను కూడా బల్లకి దూరం పెట్టండి అని చెప్పింది. పెద్దల్లో అందరికన్నా పెద్దాయనకి నాయనమ్మ అంటే భయమూ గౌరవమూ రెండూ ఉన్నాయి. ఆమెని ఎలాగైనా తప్పించాలని చూశాడు. చూపు సరిగా ఆనదు కదా, తెలియక తిన్నావేమో గుర్తు తెచ్చుకోమన్నాడు.

“తెలిసే తిన్నానయ్యా. ఆకలేసింది, తిన్నాను. నా కోడలు పెట్టింది.”

వాళ్ళకి దారి లేకపోయింది. మాట మీద నిలబడాలి కాబట్టి ఆమెని దూరం పెట్టారు. మంచి శుక్రవారం నాడు నాయనమ్మ చర్చిలోకి వెళ్ళలేదు. బయట గోడ దగ్గర బాబాయి పక్కన కూర్చుంది. బాబాయి అప్పటికే పిన్ని చెప్పగా అంతా విని ఉన్నాడు. భుజం మీద తువ్వాలు తీసి ఆమె కింద పరిచాడు. లోపల పాట మొదలవగానే బయట ఇద్దరూ అందుకున్నారు. నాయనమ్మది బొంగురు గొంతు, శ్రుతికి ఎప్పుడూ నిలవదు. బాబాయి ఆ గొంతుకి తగ్గట్టు తనది దించుకుని పాడాడు. లోపల ఆడవాళ్ళ తలలు ఒక్కొక్కటే కిటికీ వైపు తిరిగాయి. మా అమ్మ లేచి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది.

ఈస్టరు తరవాత పెద్దల కూటం గట్టిగా జరిగిందని నాన్న చెప్పాడు. నియమాలు ఇట్లా వదులుకుంటూ పోతే రేపు సంఘమే ఉండదని కొందరన్నారట. వాళ్ళ భయం ఊరికే పుట్టింది కాదు. ఎన్నో అవమానాలు పడి కట్టుకున్న సంఘం అది. పాస్టరుగారు వాళ్ళని కాదనలేదట. దావీదు నియమం తప్పిన ప్రతిసారీ దానికి తగిన నష్టం వచ్చింది, కానీ ఏడుస్తూ వచ్చినవాణ్ణి దేవుడు ఎక్కడా గుమ్మం బయట నిలబెట్టలేదు అన్నారట. వాళ్ళకి ఆ రొట్టె పెట్టడం తప్పయితే ఆ తప్పు నా మీద ఉండనివ్వండి అన్నారట. వేసవి ముగిసే లోపల ఒక ఆదివారం తల్లినీ కొడుకునీ ముందుకి పిలిచి, మోకరించమని, ప్రార్థన చేసి బల్లలో చేర్చుకున్నారు. డోలక్కు బాబాయి ఒళ్ళోకి వచ్చింది. తోలు బిగువు చూసుకుని, తల వంచుకుని వాయించడం మొదలుపెట్టాడు.

పిన్ని బాప్తిస్మం తీసుకోలేదు. కొన్ని ఆదివారాలు చంటిబిడ్డని ఎత్తుకుని వెనక చాప మీద కూర్చునేది, కొన్ని సోమవారాలు పెదకాకాని వెళ్ళేది. దాని గురించి పెద్దలెవరైనా నాయనమ్మ దగ్గర ఎత్తితే ఆమెకి ఆ పూట చెవుడు వచ్చేది. పాస్టరుగారికి తరవాత బదిలీ అయింది. అప్పటికి ఆయన మా కారానికి బాగా అలవాటుపడి, వెళ్తూ వెళ్తూ జాడీ నిండా పండుమిరప పచ్చడి పట్టుకెళ్ళారు.

రెండేళ్ళ తరవాత మిరప కోతలకి పెదకాకాని అమ్మమ్మ కూతురి దగ్గరికి వచ్చి కొన్నాళ్ళు ఉంది. కల్లంలో ఇద్దరు వియ్యపురాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరేవారు. నాయనమ్మ కంటికి ఏది తాలో తెలియదు. ఆమె మంచివాటిలో పడేసినవి ఈమె చప్పుడు చెయ్యకుండా తీసి పక్కన పెట్టేది. పిల్లవాణ్ణి ఒకామె బైబిలు పేరుతో పిలిచేది, ఇంకొకామె శివుడి పేరుతో. వాడు రెండింటికీ పలికేవాడు. అన్నం తినిపించే వేళకి మాత్రం దేనికీ పలక్కుండా, ఎండిన కాయల గుట్టల మధ్య పరుగెత్తేవాడు. వాడి వెనక ఇద్దరూ కేకలేసుకుంటూ తిరిగేవాళ్ళు.