డోరమ్మ ఇంటి క్లాజెట్‌లో మేం ముగ్గురం

నిన్న పొద్దున స్వీట్ షాపులో పనిలోకి దిగానో లేదో ఫోన్ వచ్చింది. అలబామా నుంచి.

డోరమ్మ కూతురు. "మామ్ నిద్రలోనే వెళ్ళిపోయింది" అంది.

చేతికి శనగపిండి అలాగే ఉంది. 

మా చర్చిలో కొందరికి తెలుసు, చాలామందికి తెలియదు. ఈ ఎడిసన్ ఊరికి రాకముందు మేం అలబామాలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన గ్యాస్ స్టేషన్‌లో చేసేవారు. మా ఎదురింటావిడ డోరా. నేను డోరమ్మ అనేదాన్ని. మా ఆయన మాత్రం "నీ దొరసాని వచ్చింది చూడు" అని ఆటపట్టించేవారు.

నేను ఏడో తరగతితో ఆపేశాను. అప్పట్లో ఇంగ్లీష్ బొత్తిగా రాదు. డోరమ్మకీ నాకూ మాట కలిపింది మా పాప కెజియా. తొమ్మిదేళ్ళది.

ఆ రోజు పొద్దుటి నుంచీ మూడు నాలుగు స్టేట్స్‌లో టోర్నడోలు. స్కూల్ కూడా లేదు. మా ఆయన పనిలో ఉన్నారు. మధ్యాహ్నం సైరన్ మోగింది.

మాది ట్రైలర్ ఇల్లు, చక్రాల మీద తెచ్చి పెట్టే రేకు డబ్బా. గాలికి ఆగదు. డోరమ్మ రోడ్డు దాటి వచ్చి తలుపు బాదింది. "టేక్ కవర్, టేక్ కవర్" అని అరుస్తోంది.

నేను కవర్ తీసుకున్నాను.

మనకి కవర్ అంటే ఏమిటి? కూరగాయలు తెచ్చుకునేదే కదా. సామాను తడవకుండా పెట్టుకోమంటోంది కాబోలు అనుకున్నాను. కిచెన్‌లో పెద్ద కవర్ వెతికి, పాస్‌పోర్టులు, బైబిల్, కెజియా స్వెట్టర్ అందులో పెట్టి ముడేశాను. అంతసేపూ డోరమ్మా కెజియా గుమ్మంలో నిలబడ్డారు.

డోరమ్మ ఇంటి మధ్యలో కిటికీల్లేని క్లాజెట్ ఉంది, బట్టలు పెట్టుకునే చిన్న గది. ముగ్గురం కోట్ల కింద దూరి కూర్చున్నాం.

"మమ్మీ, బ్యాగ్ ఎందుకు తెచ్చావ్?"

"కవర్ తెమ్మంది కదే ఆవిడ."

"ఓ మై గాడ్ మమ్మీ. టేక్ కవర్ అంటే దాక్కోవడం. నువ్వు గ్రోసరీ బ్యాగ్ తెచ్చావ్."

ఇక దానికి ఒకటే నవ్వు. డోరమ్మకి ఇంగ్లీష్‌లో చెప్పింది. ఆవిడా నవ్వింది. కెజియా ఇంకోసారి చెప్పి ఇంకోసారి నవ్వింది. నాకే కోపమొచ్చింది.

తర్వాతది ఎక్కువ రాయను. కెజియా పక్కనున్న గోడ పడింది. డోరమ్మ చెయ్యి విరిగింది. నాకు గీతలు పడ్డాయి, అంతే. నా బిడ్డని ప్రభువు తీసుకున్నాడు.

చాలా ఏళ్ళు నాకు ఒకటే ఆలోచన. డోరమ్మ వాళ్ళ చర్చికి బేస్‌మెంట్ ఉంది. కార్‌లో ఐదు నిమిషాలు. నేను ఆ కవర్ కోసం లోపలికి పోకపోతే అక్కడికి చేరేవాళ్ళం. నా చదువు తక్కువతనమే నా బిడ్డని చంపింది. మా ఆయనకి కూడా చెప్పుకోలేదు.

ఒకరోజు నాకొచ్చిన నాలుగు ఇంగ్లీష్ ముక్కలతోనే డోరమ్మకి చెప్పేశాను. అర్థం కాకపోతే కిచెన్‌లోంచి కవర్ తెచ్చి చూపించాను.

ఆవిడ ఆ కవర్ తీసి పక్కన పెట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"హనీ, సైరన్ మోగాక నేను ఎవర్నీ కార్ ఎక్కించను. మిమ్మల్ని నా క్లాజెట్‌కి తీసుకెళ్ళడానికే వచ్చాను. నువ్వు కవర్ తెచ్చాక కూడా మనం అక్కడ చాలాసేపు కూర్చున్నాం. పాప ఆ జోక్ రెండుసార్లు చెప్పింది కదా."

నిజమే. రెండుసార్లు చెప్పింది.

"ఆ గోడ గట్టిదనుకుని పాపని అటు కూర్చోబెట్టింది నేను. నా మీద నీకు కోపమా?"

"లేదు డోరమ్మా."

"మరి నీ మీద నీకెందుకు?"

ఆ రోజు ఇంటికొచ్చి, ఎన్నాళ్ళకో కడుపు నిండా అన్నం తిన్నాను. అప్పటి నుంచి కెజియాని తలుచుకుంటే ముందు ఆ నవ్వే వినిపిస్తుంది. అది భయపడుతూ పోలేదు. నవ్వుతూ పోయింది. ఏ తల్లికైనా అది చాలు. నాకు చాలు.

ఎడిసన్ వచ్చేశాక కూడా నెలకోసారి ఫోన్ చేసుకునేవాళ్ళం. ఈమధ్య డోరమ్మకి మతిమరుపు వచ్చింది. పోయిన నెల నన్ను గుర్తుపట్టింది కానీ ఒకటే మాట.

"హనీ, పాపని ఆ గోడ పక్కన పెట్టింది నేనేనా?"

నా బరువు దించిన మనిషి తన బరువు ఇన్నేళ్ళూ మోస్తూనే ఉంది. నాకు తెలియనే లేదు.

"కాదు డోరమ్మా. నువ్వు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావ్."

"ఒళ్ళోనా?"

"ఒళ్ళోనే. నీ కోటు కప్పావ్. అది నవ్వుతూనే ఉంది."

"గుడ్" అంది. తర్వాత ఇక ఆ మాట ఎత్తలేదని నిన్న వాళ్ళమ్మాయి చెప్పింది.

కెజియా ఆవిడ ఒళ్ళో కూర్చోలేదు. ఆ ఒక్క అబద్ధం ప్రభువే చూసుకుంటాడు.

వెళ్ళిరా డోరమ్మా. ఇప్పుడు నిజంగానే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకో.

ఇద్దరూ నిమ్మళంగా ఉండండి.