మొదట హిందీ

రాజకుమారి పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టింది. డెయిరీ ఫార్మ్ అనే పేటలో కాపురం, బడిలో ఆయా పని. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. హిందీ మాత్రం నీళ్ళలా పారుతుంది. అందుకే విశాఖ ఓడ దిగిన ప్రతి తెలుగు కుటుంబమూ మొదటి నెల ఆమె వెనకాలే నడిచేది. ఆసుపత్రికి, రేషన్ ఆఫీసుకి, బ్యాంకుకి ఆమె ముందు, వాళ్ళు వెనక. ఆ నడక ఆమెకు ఇష్టం.

మరిది హాడో రేవులో పోర్టు పనివాడు. మార్చిలో పెళ్ళి చేసుకుని, చిట్టితల్లిని ఈ ఇంటికే తీసుకొచ్చాడు. భావనపాడు దగ్గర పల్లె పిల్ల. ఒక్క హిందీ ముక్క రాదు.

"బయట నువ్వు నోరు ఇప్పకు. మై హూఁ నా, నేనున్నాను గదా. నా ఎనకాల నడువు, అంతే," అంది రాజకుమారి.

చిట్టితల్లి నడిచింది. రెండు వారాలు.

హార్బరుకు అవతల హోప్ టౌన్‌లో, రాజకుమారి మొగుడికీ మరిదికీ మేనత్త ఎరుకమ్మ ఉంటుంది. కొత్త కోడలిని చూపించమని కబురు పెట్టింది. ఆదివారం తీసుకెళ్తానని రాజకుమారి చెప్పింది. ఆ ఆదివారం వెళ్ళలేదు. తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. అంత పనేమీ లేదు. ఆ పిల్ల చీర కట్టుకుని గుమ్మంలో ఎదురు చూడడం బాగుంది.

మంగళవారం బడి నుంచి వచ్చేసరికి చిట్టితల్లి ఇంట్లో లేదు. రాజకుమారి బస్టాపు దాకా వెళ్ళి నిలబడింది. తప్పిపోయి ఉంటుంది అనుకుంది. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు, ఏడుస్తూ వస్తుంది. ఆ ఊహ ఆమెను భయపెట్టలేదు.

అయిదింటికి చిట్టితల్లి బస్సు దిగింది. చంకలో హోప్ టౌన్‌లో ఎరుకమ్మ ఇచ్చిన పనసపండు.

"ఎలా ఎల్లేవే?"

"అడుగుతూ ఎల్లేను, అప్పా."

"ఏ బాషలో?"

"తెలుగులోనే. ఇంకేటి తెల్సు నాకు? కండక్టరు నవ్వేడు. నేను గట్టిగా అడిగేను. ఎనక సీటు ముసిలాయన మనోడే, అసిరయ్యంట. జెట్టీ కాడ దింపేడు. అక్కడ పడవ టికెట్లిచ్చే గోపినాథ్ బాబుది పలాస. మందుల కొట్టు శారదాదేవమ్మ కూడా మనోలే. ఈధి సివర్నే గదా, నీకు తెల్దా?"

రాజకుమారికి తెలియదు. మందుల కొట్టామెను ఇరవై ఏళ్ళుగా దీదీ అంటోంది. టికెట్టు మనిషిని పన్నెండేళ్ళుగా భయ్యా అంటోంది. ఈ ద్వీపంలో ముఖం తెలియని మనిషితో మొదట హిందీ. ఎదుటివాళ్ళు తమిళులో, బెంగాలీలో, రాంచీవాళ్ళో ఎవరికి తెలుసు. మొదలైన హిందీ అలాగే సాగిపోతుంది. ఎవరూ ఆపి అడగరు. ఆ పిల్లకు హిందీ లేదు కాబట్టి అడిగింది.

పనసపండు కోస్తే ఇల్లంతా వాసన. రాజకుమారి ఒక్క తొన కూడా తినలేదు.

ఆ వారంలోనే పక్కింటి సరోజిని గుమ్మంలోకి వచ్చింది. "మా అమ్మమ్మ ఓడ దిగింది. కళ్ళ డాక్టరుకి చూపించాలి. చిట్టితల్లి ఖాళీయేనా, దీదీ?"

"నేనున్నాను గదా."

"నీకు డ్యూటీ గదా. ఆ పిల్లయితే దారంతా కబుర్లు చెప్తాది."

ఆదివారం రాజకుమారి ఒక్కర్తే జెట్టీకి వెళ్ళింది. వరుసలో నిలబడి, తెలుగులో అడగాలని మనసులో మూడుసార్లు అనుకుంది. కిటికీ దగ్గరకు రాగానే నోరు తన పని తాను చేసింది.

"భయ్యా, ఏక్ హోప్ టౌన్."

టికెట్టు వచ్చింది. ఆమె కదల్లేదు. వెనక మనిషి గొణిగాడు.

"మీది పలాసంట గదా," అంది.

గోపినాథ్ తలెత్తాడు. పన్నెండేళ్ళలో అతని ముఖం పూర్తిగా చూడడం అదే మొదటిసారి. కుడి కనుబొమ్మ పక్కన మచ్చ ఉంది.

"అరే, మీరు మనోలా! ఇన్నాళ్ళూ సెప్పలేదేటండీ? ఎవులు సెప్పేరు, చిట్టితల్లి గారా? మీరు ఆవిడ తాలూకానా?"

"ఆ పిల్లే నా తాలూకా," అంది రాజకుమారి.

అప్పటికే అతను వెనక మనిషిని హిందీలో అడుగుతున్నాడు, ఎన్ని టికెట్లని.